డిమెన్షియా ఉన్నవాళ్ల బాత్రూం పనులు: గొలుసు ఎక్కడ తెగిందో అక్కడే ముడి వేయండి

ఇంట్లో డిమెన్షియా (మతిమరుపు పెరిగి రోజువారీ పనులు కూడా కష్టమయ్యే జబ్బు) ఉన్న పెద్దవాళ్లు మొదటిసారి బట్టలు తడుపుకున్న రోజు చాలామంది చేసే పని ఒక్కటే, మర్నాడే డైపర్ల ప్యాకెట్ తెచ్చేయడం. నేనూ అదే చేశాను. మా నాన్న వాటిని విప్పి దిండు కింద దాచేవారు, నేను వెతికి తీసి మళ్లీ తొడిగేవాణ్ని, ఇద్దరికీ రోజూ గొడవే. నెల గడిచాక అర్థమైంది, ఆయనకి మూత్రం ఆగకపోవడం కాదు, రాత్రి లేచాక బాత్రూం తలుపు ఏదో తెలియడం లేదు. గదిలో అలమారా తలుపూ బాత్రూం తలుపూ ఒకే రంగులో ఉండేవి, ఆయన అలమారా తెరిచి చూసి, కంగారుపడి, అక్కడే పోసేసేవారు.

మనకి బాత్రూంకి వెళ్లడం ఒక పని. లెక్కపెడితే పన్నెండు పనులు. వస్తోందని ఒంటికి తెలియాలి, అలా అనిపిస్తే బాత్రూంకి వెళ్లాలని తట్టాలి, అది ఎటుందో గుర్తుండాలి, సమయానికి అక్కడిదాకా నడవాలి, తలుపు తీయాలి, కమోడ్ కంటికి ఆనాలి, బట్టలు విప్పాలి, వెనక్కి తిరిగి కూర్చోవాలి, అయ్యేదాకా లేవకుండా ఉండాలి, శుభ్రం చేసుకోవాలి, బట్టలు సర్దుకోవాలి, చేతులు కడుక్కోవాలి. డిమెన్షియాలో ఈ గొలుసు మొత్తం ఒకేసారి తెగిపోదు, ఏదో ఒక లింకు ముందు పోతుంది. అదేదో పట్టుకుని అక్కడ మాత్రమే చెయ్యి వేయాలి, మిగతాది వాళ్లచేతే చేయించాలి. వాళ్లు చేసుకోగలిగిన పని కూడా తొందర కొద్దీ మనమే చేసేస్తూ పోతే అది కూడా మర్చిపోతారు.

1. ముందు ఒంట్లో వేరే తేడా ఉందేమో చూపించండి

నిన్నటిదాకా బాగానే వెళ్లొచ్చే మనిషి రెండు మూడు రోజుల్లోనే తడుపుకోవడం మొదలుపెడితే, జబ్బు ముదిరింది కాబోలు అని సరిపెట్టుకోకండి. అలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది యూరిన్ ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందులు. పెద్దవాళ్లలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం, మంట ఉండకపోవచ్చు, ఉన్నట్టుండి అయోమయం పెరగడం, పగలంతా మగతగా పడుకోవడం, ఎన్నడూ లేని చికాకు మాత్రమే కనిపించవచ్చు. మలబద్ధకం ఇంకా మోసకారి. గట్టిపడిన మలం పేగు చివర అడ్డంగా కూర్చుంటే దాని పక్కనుంచి నీళ్లలా కారుతుంది, మనం విరేచనాలు అనుకుని ఆపే మాత్ర వేస్తాం, లోపలిది ఇంకా బిగుస్తుంది. అదే మూత్రాశయాన్ని నొక్కి మూత్రం కూడా ఆగకుండా చేస్తుంది. మగవాళ్లయితే మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి సంగతి కూడా అడగండి.

వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఇక్కడ ఒక చిక్కు ఉంది. మతిమరుపుకి ఇచ్చే డోనెపెజిల్ లాంటి మందుల వల్ల కొందరికి మూత్రం ఆపుకోలేకపోవడం, విరేచనాలు రావచ్చు. ఆ సంగతి తెలియకుండా మూత్రం ఆగడానికి ఆక్సీబ్యుటినిన్ లాంటి మందు మొదలుపెడితే అది అయోమయాన్ని పెంచుతుంది, పైగా రెండూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి. మందు మీరే ఆపేయకండి, అడగండి. నీరు పోయేందుకు ఇచ్చే బీపీ, గుండె మందులు సాయంత్రం వేస్తుంటే పొద్దున్నకి మార్చవచ్చా అని కూడా అడగండి, ఒక్కోసారి రాత్రి సమస్య దాంతోనే తగ్గుతుంది. ఇంకో మాట: నడక తడబడటం, మతిమరుపు, మూత్రం ఆగకపోవడం మూడూ కలిసి వస్తే మెదడులో నీరు చేరే నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ అనే జబ్బు కావచ్చు, కొందరిలో అది ఆపరేషన్‌తో మెరుగవుతుంది కాబట్టి ఆ ప్రశ్న అడగడంలో నష్టం లేదు.

2. మూడు రోజులు రాసి పెట్టండి

ఒక పాత నోట్‌బుక్ చాలు. ఎన్నింటికి ఏం తాగారు, ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి తడిసింది, అప్పుడు ఎక్కడున్నారు, దానికి ముందు ఏం చేశారు. ఈ చివరిదే ముఖ్యం. అటూ ఇటూ తిరగడం, ప్యాంటు నడుము లాగడం, కుర్చీలో జరుగుతూ ఉండటం, ఉన్నట్టుండి మాట ఆపేసి లేచి నిలబడటం, మూలలు వెతకడం, ఇవన్నీ 'బాత్రూం' అనే మాట దొరకని మనిషి చెప్పే మాటలే. ఒక్కొక్కరిది ఒక్కో గుర్తు. మా నాన్న జేబులు తడుముకునేవారు, తాళాలు వెతుకుతున్నారని చాలాకాలం అనుకున్నాం.

మూడు రోజుల తర్వాత చూస్తే ఒక వరస కనిపిస్తుంది. తడిసింది ఎప్పుడూ బాత్రూం గుమ్మం దగ్గరే అయితే దారి తెలుసు, బయల్దేరడం ఆలస్యమవుతోంది. కమోడ్ ముందు నిలబడే తడుపుకుంటే బట్టలు విప్పడం దగ్గర ఆగిపోతున్నారు. గది మూలలోనో చెత్తబుట్టలోనో పోస్తుంటే వస్తోందని తెలుస్తోంది, చోటే తెలియడం లేదు. కుర్చీలో కూర్చున్నచోటే, తడిసిన సంగతి కూడా పట్టకుండా ఉంటే, ఒంటి కబురు అందడమే తగ్గింది, ఇక గడియారం మీద ఆధారపడాలి.

3. దారి, తలుపు, కమోడ్

చోటు తెలియకపోవడమే సమస్య అయితే ఖర్చు పెద్దగా లేని మార్పులు బోలెడు. అన్నిటికన్నా తేలికది బాత్రూం తలుపు తీసే ఉంచడం, మంచం మీదనుంచి కమోడ్ కనిపించేలా మంచం జరపడం. తలుపు మూసే ఉంచాల్సి వస్తే దాని మీద కమోడ్ బొమ్మ, పక్కన 'బాత్రూం' అని పెద్ద అక్షరాలు, కాస్త కిందుగా అంటించండి, పెద్దవాళ్లు నేల చూస్తూ నడుస్తారు కదా. తలుపుకి గోడకన్నా వేరే రంగు వేయగలిగితే ఇంకా మంచిది. లోపలి గడియ తీసేయండి, లేదా బయటనుంచి తీయగలిగేది పెట్టండి. తలుపు బయటికి తెరుచుకునేలా ఉంటే మంచిది, లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే మనం లోపలికి వెళ్లలేం.

తెల్లటి నేల, తెల్లటి గోడ, తెల్లటి కమోడ్ చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ డిమెన్షియాలో రంగుల తేడా, లోతు అంచనా తగ్గిపోతాయి, ఆ తెలుపులో కమోడ్ కలిసిపోతుంది. సీటు ఒక్కటి ముదురు రంగుది మార్చండి, ఎరుపో నీలమో. అలాగే నేల మీద నల్లటి పట్టా పరవకండి, అది వాళ్ల కంటికి గొయ్యిలా కనిపిస్తుంది, దాన్ని దాటడానికి భయపడి గుమ్మంలోనే ఆగిపోతారు. మెరిసే నేల తడి నేలలా అనిపిస్తుంది. అద్దంలో తన ముసలి ముఖాన్ని చూసి 'లోపల ఎవరో ఉన్నారు' అని వెనక్కి వచ్చేస్తుంటే అద్దం మీద గుడ్డ కప్పండి. కమోడ్ అనుకునే అవకాశమున్న బకెట్లు, చెత్తబుట్టలు, పూలకుండీలు దారిలోంచి తీసేయండి.

తువ్వాలు వేసుకునే కమ్మీ మనిషి బరువు మోయదు, ఊడి వస్తుంది. గోడలోకి బోల్టులు దిగిన గట్టి పట్టుకమ్మీ కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి ఉండాలి, అవి కూడా గోడ రంగులో కాకుండా. కమోడ్ సీటు తక్కువ ఎత్తులో ఉంటే పైన పెట్టుకునే ఎత్తు సీటు దొరుకుతుంది. ఫినాయిల్, బ్లీచింగ్, బ్లేడులు తాళం వేసిన అరలో పెట్టండి, సీసాలో ఉన్నదల్లా తాగేదే అనుకుంటారు.

4. గడియారం, మాట

మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి తీసుకెళ్లడం మొదలుపెట్టి, నోట్‌బుక్ చెప్పినదాన్ని బట్టి మార్చుకోండి. లేవగానే, తిన్నాక, బయటికి వెళ్లేముందు, పడుకునేముందు మాత్రం తప్పకూడదు. పొద్దున తిన్న 20-30 నిమిషాలకి పేగు సహజంగానే కదులుతుంది, రోజూ ఆ సమయానికి కూర్చోబెడితే కొన్ని వారాల్లో అలవాటు పడే అవకాశం ఎక్కువ. పాదాల కింద చిన్న పీట వేస్తే మోకాళ్లు తుంటికన్నా పైకి వచ్చి పని సులువవుతుంది.

'బాత్రూంకి వెళ్తావా?' అని అడిగితే జవాబు 'వద్దు' అనే వస్తుంది. అడక్కండి. 'రా నాన్నా, ఇటు వెళ్దాం' అని చెయ్యి అందించి నడవండి, అక్కడికి చేరాక కమోడ్ కనిపిస్తే సగం పని అదే గుర్తు చేస్తుంది. లోపల ఒకసారికి ఒకే మాట: 'కమ్మీ పట్టుకో', ఆగండి, 'ఇటు తిరుగు', ఆగండి, 'కూర్చో'. మీరు చెప్పింది అర్థమవడానికి పది సెకన్లు పట్టవచ్చు, ఆ లోపు ఇంకోలా చెప్పారంటే మళ్లీ మొదటికి. తోకకి నిప్పంటుకున్నట్టు తొందరపెడితే బిగుసుకుపోతారు, బిగుసుకుపోతే మూత్రం రాదు.

కూర్చున్నాక లేచిపోతుంటే చేతిలో ఏదైనా పెట్టండి, మడత పెట్టడానికి చిన్న తువ్వాలు చాలు. కుళాయి సన్నగా వదిలితే ఆ చప్పుడు కొందరికి పనిచేస్తుంది. ఐదు పది నిమిషాలు చూసి, రాకపోతే లేపేయండి, మళ్లీ అరగంటకి ప్రయత్నించవచ్చు. మగవాళ్లని మూత్రానికి కూడా కూర్చోబెట్టడమే మేలు, పడిపోరు, చుట్టుపక్కల తడవదు.

బట్టల దగ్గర ఆగిపోయేవాళ్లకి బెల్టు, జిప్పు, బొందు ముడి అన్నీ మానేసి సాగే నడుము ఉన్నవి వేయండి. చిన్న మార్పే, కానీ చాలా ఇళ్లలో సగం గొడవ దీంతోనే తీరుతుందని నా నమ్మకం.

నీళ్లు తగ్గించడం మాత్రం వద్దు. తడుపుకుంటున్నారని తాగనివ్వకపోతే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్ రెండూ రావచ్చు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టర్ హద్దు పెట్టకపోతే పగలంతా కలిపి ఆరు నుంచి ఎనిమిది గ్లాసులు తాగించి, పడుకునే రెండు గంటల ముందునుంచి తగ్గించండి. కాఫీ, టీ సాయంత్రం తర్వాత ఆపేయండి.

5. శుభ్రం చేయడం

గ్లోవ్స్ వేసుకోండి, తీశాక 20 సెకన్లు సబ్బుతో చేతులు కడుక్కోండి. వాళ్లు చేసుకోగలిగినంత వాళ్లనే చేసుకోనిచ్చి, మిగిలింది మీరు చూడండి. తుడవడం, కడగడం ఎప్పుడూ ముందునుంచి వెనక్కి, ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం, వెనకది ముందుకి వస్తే ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. లోపలికి సబ్బు పెట్టకూడదు, బయటివరకు నీళ్లతో చాలు. మగవాళ్లకి ముందు చర్మం తేలికగా వెనక్కి వస్తేనే జరిపి కడిగి, మళ్లీ ముందుకి లాగడం మర్చిపోకండి. అలాగే వదిలేస్తే బిగుసుకుని వాచిపోతుంది, అది హాస్పిటల్‌కి పరుగెత్తాల్సిన పరిస్థితి.

రుద్దకండి, మెత్తటి గుడ్డతో అద్దండి. మడతల్లో తడి ఉండకూడదు. పౌడరు వద్దు, తడికి ముద్దకట్టి ఒరుసుకుంటుంది. తరచూ తడిసేవాళ్లకి జింక్ ఆక్సైడ్ క్రీమో పెట్రోలియం జెల్లీయో పల్చగా రాయండి, మందంగా పూస్తే అది ప్యాడ్‌కి అంటుకుని ప్యాడ్ పీల్చడం మానేస్తుంది. రోజుకొకసారి నడుము కింద ఎముక, తుంటి, మడమలు చూడండి. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి, నొక్కినా ఎరుపు కదలకపోతే పుండు మొదలవుతోందని అర్థం, ఆ రోజే చూపించండి. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు, చేత్తో తాకి వేడిగానో గట్టిగానో ఉందేమో చూడాలి.

నేల మీద పడిన మూత్రాన్ని ముందు నీళ్లతో తీసేసి, ఆ తర్వాతే బ్లీచింగ్ వాడండి. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పోసినా, బ్లీచింగ్‌లో టాయిలెట్ యాసిడ్ కలిపినా గొంతు పట్టేసే విషవాయువులు వస్తాయి. ఎంత కడిగినా పోని వాసనకి ఎంజైమ్ ఉన్న క్లీనర్ పనిచేస్తుంది.

6. స్నానం

ఇక్కడే ఎక్కువ యుద్ధాలు. ముందు ఒక మాట, రోజూ తలారా స్నానం అవసరం లేదు. వారానికి రెండు మూడుసార్లు పూర్తి స్నానం, మిగతా రోజుల్లో ముఖం, చంకలు, తొడల మధ్య, పాదాలు తడిగుడ్డతో తుడిస్తే ఆరోగ్యానికి ఏమీ తక్కువ కాదు. ఇది ఒప్పుకోగానే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఎందుకు వద్దంటారో ఆలోచించండి. చల్లగా ఉంటుంది, బట్టలు లాగేస్తున్న మనిషి ఎవరో గుర్తు రాదు, నెత్తిమీద ఒక్కసారిగా నీళ్లు పడతాయి, ఎందుకో తెలియదు. ఆ స్థితిలో ఎవరైనా కొడతారు. అందుకని గది ముందే వెచ్చగా ఉంచండి, తువ్వాలు, బట్టలు, సబ్బు అన్నీ అందేలా పెట్టుకోండి, ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్లకూడదు. నీళ్లు 37, 38 డిగ్రీల దగ్గర ఉండాలి, మోచేత్తో చూసుకోండి. గీజర్‌ని 49 డిగ్రీలు దాటనివ్వకండి, 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. జారని నేల, గట్టి కుర్చీ. భుజాల మీదా ఒళ్లోనూ పెద్ద తువ్వాలు కప్పే ఉంచి, దాని కిందనుంచే కడగండి, సిగ్గు, చలి రెండూ ఉండవు. ఎప్పుడూ ఎదురుగా వచ్చి, ముట్టుకునేముందు చెప్పండి: 'పాదం మీద నీళ్లు పోస్తున్నా'. పాదాలతో మొదలుపెట్టి పైకి రండి, తల, ముఖం చివర. తల రుద్దడం వేరే రోజు పెట్టుకుంటే ఇంకా నయం.

కొడుకు చేత స్నానం చేయించుకోవడానికి తల్లి ససేమిరా అంటే అది మొండితనం కాదు, ఆమె కంటికి ఎదుట ఉన్నది ఎవరో మగవాడు కావచ్చు. వీలైతే ఆ పని ఆడవాళ్లకి అప్పజెప్పండి, డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాల్సి వచ్చినా సరే. గొడవ మొదలైతే వెంటనే ఆపి, తువ్వాలు చుట్టి, ఇరవై నిమిషాల తర్వాత వేరే మాటతో మళ్లీ రండి. ఆ గొడవ వాళ్లు మర్చిపోతారు, కానీ భయం మిగులుతుంది, అది మర్నాడు బాత్రూం గుమ్మం దగ్గర బయటపడుతుంది.

పళ్లు తోమడానికి పక్కన నిలబడి మీరూ తోమండి. చూసి చేస్తారు.

7. రాత్రి

మంచంనుంచి బాత్రూం దాకా దారి పొడవునా చిన్న లైట్లు, నేల మీద వైర్లు, పట్టాలు ఏమీ లేకుండా. దూరమైతే మంచం పక్కనే కమోడ్ కుర్చీ, మగవాళ్లకి మూత్రం పోసుకునే సీసా. పరుపు మీద నీరు దిగని కవరు, దాని మీద దుప్పటి, మళ్లీ ఒక కవరు, మళ్లీ దుప్పటి ఇలా రెండు వరసలు వేసి ఉంచండి, అర్ధరాత్రి పైది లాగేస్తే పక్క సిద్ధంగా ఉంటుంది. దీనికి నేను ఎన్ని రాత్రులు దండం పెట్టుకున్నానో.

8. అప్పుడు డైపర్

ఇవన్నీ చేసినా తడుస్తుంటే వాడండి, తప్పేం లేదు. కానీ 'డైపర్' అనకండి, 'లోపలి ప్యాంటు' అనండి, పాత లోదుస్తులు కనపడకుండా తీసేసి అదే చోట ఇవి మడిచి పెట్టండి. నడిచేవాళ్లకి ప్యాంటులా తొడుక్కునేవి, మంచంలో ఉన్నవాళ్లకి పక్కన టేపు ఉన్నవి. ఒకదాని మీద ఇంకొకటి పెట్టడం వల్ల లాభం లేదు, లోపలిదాని అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, బయటిదాంట్లోకి దిగదు. రెండు మూడు గంటలకొకసారి చూడండి, మలం ఉంటే క్షణం ఆగకండి. మార్చే శ్రమ తప్పుతుందని మూత్రానికి గొట్టం పెట్టించమనకండి, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, లాగేసుకుంటే రక్తం కూడా వస్తుంది.

9. గోడకి పూసినప్పుడు

ఎవరూ నోరు విప్పి చెప్పుకోరు కానీ చాలా ఇళ్లలో జరుగుతుంది: మలాన్ని చేత్తో తీయడం, గోడకి, పరుపుకి పూయడం, కాగితంలో చుట్టి సొరుగులో దాచడం. మనల్ని సాధించడానికి కాదు. ఏదో అంటుకుంది, దురదగా ఉంది, అదేమిటో తెలియదు, వదిలించుకోవాలని చూస్తారు. లేదా లోపల గట్టిగా అడ్డుపడిన నొప్పికి వేలు పెడతారు. దాచేవాళ్లకి సిగ్గు ఇంకా మిగిలి ఉంది, అందుకే దాస్తారు. అరవకండి, 'పద, చేతులు కడుక్కుందాం' అంతే. ముందు చేతులు, గోళ్లు, నోరు చూడండి, గది తర్వాత. గోళ్లు పొట్టిగా ఉంచండి. మలబద్ధకం, నులిపురుగులు, చర్మం ఒరుసుకోవడం ఉన్నాయేమో చూపించండి. రోజూ అదే సమయానికి జరుగుతుంటే దానికి అరగంట ముందే కమోడ్ మీద కూర్చోబెడితే చాలాసార్లు ఆగిపోతుంది.

10. మంచానికే పరిమితమయ్యాక

లేపేటప్పుడు చంకల్లో చేతులు వేసి లాగకండి, వాళ్ల భుజం, మీ నడుము రెండూ పోతాయి. కూర్చోగలిగినంత కాలం, పాదాలు వెనక్కి జరిపి, ముందుకి వంగమని చెప్పి, చేతులతో కుర్చీని నొక్కించి లేపాలి. ఆ శక్తి కూడా పోయాక ప్యాడ్ మంచంలోనే మార్చాలి: ఒక పక్కకి తిప్పి, పాతది సగం చుట్టి, కొత్తది సగం దోపి, ఇవతలి పక్కకి తిప్పి లాగేయడం. ఎలాగూ తిప్పుతాం కాబట్టి ఒంటి మీద బరువు పడే పక్క మార్చడం, ఎర్రదనం చూడటం అప్పుడే అయిపోతాయి. 'ఇప్పుడు ఎడమ పక్కకి తిప్పుతున్నా' అని చెప్పి తిప్పితే బిగుసుకోరు, మాట అర్థమవకపోయినా గొంతు తెలుస్తుంది. ఒళ్లు తుడిచేముందు తడిగుడ్డ ఒకటి వాళ్ల చేతిలో పెట్టి, ఆ చేతిని ముఖం దాకా తీసుకెళ్లి వదిలి చూడండి. మా నాన్న చివరి నెలల్లో కూడా సగం ముఖం తనే తుడుచుకునేవారు, మిగతా సగం నేను.